రెండు వేళ్లు ఎక్కువైన తుపాకి

ఆ పొద్దున ఆకాశం ఏకిన దూదిలా తెల్లగా పరుచుకుని ఉంది. తూర్పు కొండ మీద మాత్రం ఒక నల్లమబ్బు, కురవాలా వద్దా అని ఎవరి ఉత్తర్వు కోసమో కాచుకున్నట్టు, కదలకుండా కూర్చుంది.

చౌడప్ప చెనక్కాయ చేనిగట్టు మీద నిలబడి ఆ మబ్బును చూడడం లేదు. నలభై అంగల దూరంలో ఉన్న అడవిపందిని చూస్తున్నాడు. అది సొంత చేనిలో ఉన్నంత నిదానంగా ముట్టెతో సాలు కెళ్ళగించి, కాయలు నమిలి, పొట్టు ఉమ్మేస్తోంది. మూడెకరాల చేను. ఇంకో నెలకు పీకుడు. ఏడాదికంతా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ మూడెకరాల మీదే.

చౌడప్ప తుపాకి ఎత్తాడు. ఎత్తేటప్పుడు దాని కొయ్య మడమ ఎప్పటిలాగే చంకలో తట్టుకుంది. లాగి భుజానికి చేర్చి కాల్చాడు. పందికి మూరెడు ఎడమగా మట్టి లేచింది. ఆ వెనకనున్న పక్కచేని బయపరెడ్డి నీళ్ల డ్రమ్ముకు తొమ్మిది బొక్కలు పడి, తొమ్మిది ధారలు కారడం మొదలైంది. పంది తల తిప్పి ఆ ధారలను కాసేపు చూసింది. బాగానే ఉన్నాయి అన్నట్టు తల దించి, మళ్లీ తన పనిలో పడింది.

ఇంటికొచ్చేసరికి పెళ్లాం సుంకమ్మ వాకిట్లో ఊడుస్తోంది.

“శబ్దం విన్యా. తగిలిందా?”

“తగిలింది.”

“పందికా?”

“డ్రమ్ముకు.”

“పోయినసారి మన గుమ్మడికాయకు. అంతకుముందు కరెంటు స్తంభానికి. పందికి తప్ప అన్నిటికీ తగుల్తాంది కదయ్యా నీ తుపాకి!” అని సుంకమ్మ చీపురు నేలకేసి ఒకటి కొట్టింది. “ఎప్పుడూ ఎడమకే కదా పోయేది, పందికి మూరెడు కుడిపక్క కాలిస్తే సరిపోదా?”

మాటకు బదులు మాట చెప్పే అలవాటు చౌడప్పకు పెద్దగా లేదు. చెంప నిమురుకున్నాడు. తుపాకి తన్నిన చోట చెంప రేగుపండంత ఉబ్బింది. తుపాకిని భుజాన వేసుకుని మౌనాచారి కొట్టం వైపు నడిచాడు.

మౌనాచారి వడ్రంగి. నాగలి చూసి ఎద్దు ఏ పక్క లాగుతుందో చెప్పగలడు. ఆయన తన పాత పంచె ఒకటి రెండు గుంజల మధ్య బిగించి కట్టి, నడిమధ్య బొగ్గుతో చుక్క పెట్టి, ఇరవై అంగలు కొలిచి చౌడప్పను నిలబెట్టాడు.

“కన్ను మూసి, ఊపిరి బిగబట్టి గురి చూడబాకు. పంది నువ్వు గురి చూసేదాకా నిలబడదు. ఎత్తుతానే కాల్చు.”

మూడుసార్లు కాల్చాడు చౌడప్ప. ఆచారి పోయి పంచె మీద బొక్కలు ఎక్కడ చిక్కగా పడ్డాయో వేలితో రాస్తూ చూశాడు. మూడుసార్లూ చుక్కకు జానెడు ఎడమనే. తర్వాత వచ్చి చౌడప్ప కుడిచేయి మడిచి, తుపాకి మడమను మోచేతి మడతలో ఆనించాడు. చూపుడువేలు మీట మీదికి రావాలి. రెండు వేళ్ల ఎడంలో ఆగిపోయింది.

“ఇది మీ నాయన తుపాకి కదా?”

“ఊఁ.”

“నడిపెన్న ఆరడుగుల మనిషి. ఆయన చేతులు మోకాళ్లకు అందేటివి. ఆయనకు చేసిన కొయ్య ఇది. నీకు రెండు వేళ్లు ఎక్కువ. ఎక్కువైతే ఎత్తేటప్పుడు చంకలో పట్టుకుంటాది, గొట్టం ఎడమకు పోతాది. ఇరవై అంగలకు జానెడు, నలభైకి మూరెడు. పరిగెత్తే పందికి ఎంతో నువ్వే లెక్క కట్టుకో. కోసేస్తా, అరగంట పని. కూర్చో.”

చౌడప్ప కూర్చోలేదు. జేబులోంచి లైసెన్సు పుస్తకం తీసి, రెండో పేజీ విప్పి ఆచారి ముందు పెట్టాడు. అందులో ఇలా ఉంది: ‘మొత్తం పొడవు నలభై ఏడు అంగుళాలు. పైన నమోదైన వివరాలలో ఏ మార్పైనా శిక్షార్హము.’

“అయితే?” అన్నాడు ఆచారి.

“అడిగొస్తా.”

“ఎవుర్ని?”

“ఆఫీసులో.”

ఆచారి చేతిలో రంపం కింద పెట్టేశాడు. “అడగబాకప్పా. అడగనంత కాలం రెండు వేళ్ల కొయ్య అది. అడిగినావంటే ఫైలు.”

కానీ చౌడప్ప బడిలో ఐదో తరగతి దాకా చదివినవాడు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం ఆయనకు అక్కడే అలవాటైంది. మర్నాడు తెల్లారి బస్సెక్కాడు.

తాలూకా టౌనులో తుపాకి లైసెన్సులు చూసే పాత గదికి కొత్త బోర్డు కట్టి ఉంది: ‘ఆయుధ–ధారక సమన్వయ కార్యాలయం’. అందులో ప్రత్యేకాధికారి పరాంకుశంగారు. పది రోజుల శిక్షణకు పోయి ముందురోజే తిరిగొచ్చారు. తుపాకికీ దాన్ని పట్టేవాడికీ కొలతలు సరిపోలాలన్నది శిక్షణలో కొత్తగా చెప్పిన సంగతి. సరిపోలని వాళ్లెవరైనా దొరుకుతారా అని ఆయన పొద్దున్నుంచీ తలుపు వైపే చూస్తున్నారు.

చౌడప్ప సంగతంతా ఏడు మాటల్లో చెప్పాడు. పరాంకుశంగారి ముఖం వెలిగిపోయింది.

“అసమన్వయం! లీలావతీ, అసమన్వయం దొరికింది! టేపు తీసుకురా.”

లీలావతి గుమాస్తా. దర్జీ టేపుతో వచ్చి చౌడప్ప మోచేతి మడత నుంచి చూపుడువేలి కణుపు దాకా కొలిచి, “పదమూడు సార్” అంది. తుపాకి మడమ నుంచి మీట దాకా కొలిచి, “పద్నాలుగున్నర సార్” అంది.

“తేడా?”

“ఒకటిన్నర అంగుళం.”

“రెండు వేళ్లు సామీ,” అన్నాడు చౌడప్ప. “కొయ్య కోసుకుంటానికి పర్మిషన్ ఇస్తే...”

పరాంకుశంగారు కళ్లజోడు తీసి తుడిచారు. పసిపిల్లవాడికి చెప్పినంత ఓర్పుగా చెప్పారు.

“చూడవయ్యా. తుపాకి కొలత రిజిస్టరులో నమోదై ఉంది. నమోదైనది ఒప్పు. నీ చేతి కొలత ఎక్కడా నమోదు కాలేదు. నమోదు కానిది ఒప్పో తప్పో ప్రభుత్వానికి తెలియదు. తెలిసినదాన్ని తెలియనిదానికి తగ్గట్టు కోసెయ్యడం పరిపాలన అనిపించుకోదు. కాబట్టి సవరణ ఎక్కడ జరగాలి?”

చౌడప్ప తుపాకి వైపు చూశాడు. పరాంకుశంగారు చౌడప్ప చేతి వైపు చూశారు.

సాయంత్రానికి ఉత్తర్వు టైపయింది: ‘సదరు ధారకుని కుడిచేయి ఒకటిన్నర అంగుళం లోపభూయిష్టముగా ఉన్నట్లు పరిశీలనలో తేలినందున, రెండు వారముల గడువులోగా సదరు లోపమును ధారకుడు స్వయముగా సవరించుకొనవలెను. సమన్వయము కుదిరినట్లు ధ్రువీకరించు వరకు సదరు ఆయుధమును పేల్చరాదు.’

ఆఖరి వాక్యం దగ్గర చౌడప్ప వేలు ఆగింది. “పందులు సామీ?”

“వాటికి విడిగా ఉత్తర్వు ఏమీ లేదు,” అన్నారు పరాంకుశంగారు.

*

ఉత్తర్వుకు ఒక అనుబంధం కూడా ఉంది. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట కుడిచేత్తో చెట్టుకొమ్మ పట్టుకుని వేలాడాలి. మిగతా వేళల్లో ఆ చేత్తో బరువులు మొయ్యాలి. చౌడప్ప గట్టు మీది వేపకొమ్మ పట్టుకుని వేలాడాడు. ఎదురుగా పందులు సాలు వెంట సాలు తింటున్నాయి. రెండో రోజు నుంచి అవి ఆయనకు అలవాటు పడ్డాయి. ఆయన కిందికి దిగితే తల ఎత్తి చూసేవి, మళ్లీ కొమ్మకు తగులుకుంటే నిశ్చింతగా తినేవి.

“ఆ చేత్తోనే నీళ్లు చేదితే ఉత్తర్వూ అయితాది, బానా నిండుతాది,” అంది సుంకమ్మ. రెండు వారాలు బావి పని ఆమెకు తప్పింది. ప్రభుత్వం నుంచి ఆ ఇంటికి అందిన మేలు అదొక్కటే.

గడువు నాటికి ఎకరం పోయింది. లీలావతి మళ్లీ కొలిచింది.

“పదమూడు సార్.”

“సరిగ్గా చూడు.”

“చొక్కా చంకలో చినిగింది సార్. చెయ్యి మాత్రం పదమూడే.”

‘ధారకుడు సహకరించలేదు’ అని పరాంకుశంగారు ఫైలులో రాసుకున్నారు. అయినా మనిషి మంచివాడు. ఎవరికీ అన్యాయం జరక్కూడదని, తుపాకి గురిని కూడా పరీక్షించి చూద్దామన్నారు.

పరీక్ష బడి మైదానంలో పెట్టారు. దుప్పటి కట్టి, దాని మీద లీలావతి చేత బొగ్గుతో పంది బొమ్మ గీయించారు. ఆమెకు బొమ్మలు గీయడం రాదు. గీసిన పందికి కళ్లజోడు లేదు గానీ, ఉంటే ఎవరిలా ఉండేదో అక్కడున్న అందరికీ తెలిసింది.

చౌడప్ప కాల్చాడు. జానెడు ఎడమ.

“రాసుకో లీలావతీ. తుపాకి ఒప్పని ఇదివరకే తేలింది. తుపాకి ఒప్పై, గుండు తగలకపోతే లక్ష్యం ఉండవలసిన చోట లేదన్నమాట. దుప్పటి జానెడు ఎడమకు జరపండి.”

జరిపారు. చౌడప్ప పందిని చూసి కాల్చాడు. మళ్లీ జానెడు ఎడమ. మళ్లీ జరిపారు. పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి దుప్పటి జెండా స్తంభం దాటింది. ఇంకో నాలుగుసార్లకు ప్రహరీగోడ దగ్గరికి చేరింది. గోడ కూలగొట్టాలంటే వేరే శాఖ అనుమతి కావాలని పరాంకుశంగారు అక్కడ ఆపారు. కాస్త ఆలోచించి, “ఈసారి పందిని చూడకు. పంది ఇందాక ఎక్కడ ఉండిందో అక్కడ చూసి కాల్చు,” అన్నారు.

చౌడప్ప ఏమీ లేని చోట చూసి కాల్చాడు. పంది నడినొసట తగిలింది.

అందరూ చప్పట్లు కొట్టారు. పరాంకుశంగారు లేచి నిలబడి ఫలితం చదివారు: “ఆయుధం తృప్తికరం. లక్ష్యం తృప్తికరం. ధారకుడు అతృప్తికరం.”

“అయితే కాల్చుకోవచ్చునా సామీ?”

“ముగ్గురిలో ఒకరు అతృప్తికరం కదయ్యా!”

*

వారం తిరక్కముందే చౌడప్ప ఇంటి తలుపుకు ఒక నోటీసు అంటించి ఉంది. అది చౌడప్ప పేరు మీద కాదు. ‘శ్రీ నడిపెన్న గారికి’ అని ఉంది.

సంగతేమంటే, పరాంకుశంగారు రెండు రాత్రులు పాత రిజిస్టర్లు తిరగేశారు. తుపాకి తయారైననాడు అప్పటి ధారకుడి కొలతలు అందులో రాసి ఉన్నాయి. చేయి పద్నాలుగున్నర. అంటే తుపాకికి సరిపోయిన మనిషి ఒకడు రికార్డులో ఉన్నాడు. అతన్ని వదిలి సరిపోని వాడికి లైసెన్సు మార్చడం పూర్వపు అధికారి చేసిన పొరపాటు. అందువల్ల సదరు నడిపెన్న ఏడు రోజులలో కొలతలకు హాజరు కావలెను.

చౌడప్ప మళ్లీ బస్సెక్కాడు.

“మా నాయన పోయి పదకొండేండ్లయింది సామీ.”

పరాంకుశంగారు విచారంగా తల ఊపారు. “మనిషి పోతాడు. కొలతలు పోవు. అవి శాశ్వతం. నాకు మనిషితో పని లేదయ్యా, ఆ కొలతలతో పని. ఆ కొలతలు ఎవరికుంటే వారే ధారకుడు.” ఆ మాట ఆయనకే నచ్చి లీలావతి చేత టైపు చేయించారు: ‘ధారకుడు అనగా రిజిస్టరులోని కొలతలు కలిగి, ఆయుధమును కదలక పట్టుకొనగలిగిన వ్యక్తి లేక తత్సమానము.’

చౌడప్ప ఆ కాగితం తెచ్చి మౌనాచారి ముందు పెట్టాడు. కొట్టం గడప మీద కూర్చున్నాడు. చేనిలో ఎకరంన్నర మిగిలింది. పీకుడుకు ఇంకా పన్నెండు రోజులుంది. ఇట్లాగే సాగితే పీకడానికి ఏమీ ఉండదు.

ఆచారి కాగితం రెండుసార్లు చదివాడు. మూడోసారి ఆఖరి ముక్క దగ్గర ఆగి, గడ్డం గోక్కున్నాడు.

“తత్సమానము అంటే?”

“అట్లాంటిదే అని.”

“ఊపిరి పీల్చాలని యాడైనా ఉందా?”

చౌడప్ప కాగితం తీసుకుని చూశాడు. “లేదు.”

“కొయ్య కొయ్యడానికి పర్మిషన్ కావాల. మనిషిని చెయ్యడానికి అక్కర్లేదన్నమాట.” ఆచారి లేచి అటక మీదున్న వేపదుంగను కిందికి లాగాడు. “మీ నాయన చేతులు నాకు గుర్తే. నా పెండ్లిలో పందిరి గుంజ నిచ్చెన లేకుండా కట్టినాడు.”

రెండు వేళ్ల కొయ్య కోసే అరగంట పనికి బదులు ఆచారి మూడు రోజులు ఒక మనిషిని చెక్కాడు. ఆరడుగుల ఎత్తు. చెయ్యి పద్నాలుగున్నర. భుజంలో తుపాకి మడమ కూర్చునేంత గుంట. ముఖానికి ముక్కు, చెవులు పెట్టాడు గానీ నోరు పెట్టలేదు. “రిజిస్టర్లో నోటి కొలత లేదు,” అన్నాడు.

చౌడప్ప పెట్టెలోంచి తండ్రి చొక్కా, తలపాగా తెచ్చి దానికి చుట్టాడు. ఇంటి ముందుకు మోసుకొచ్చి నిలబెట్టగానే, పేడతట్టతో ఎదురొచ్చిన సుంకమ్మ తట్ట కింద పడేసి గభాలున కొంగు నెత్తి మీదికి లాక్కుంది. తర్వాత అది కొయ్యని తెలిసింది. అయినా కొంగు దించలేదు.

“మామ నన్ను చూస్తానే సంగటి ఇంకా కాలేదా అన్నట్టుంటాడు. అచ్చం అట్లే ఉండాది,” అంది.

*

రెండో పరీక్షకు పరాంకుశంగారు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చారు. కొయ్యమనిషిని మైదానంలో నిలబెట్టి, తుపాకిని భుజం గుంటలో కూర్చోబెట్టారు. మీటకు సన్నతాడు కట్టి, దాని కొస చౌడప్ప చేతికిచ్చారు. లీలావతి టేపు పట్టింది.

“చెయ్యి పద్నాలుగున్నర సార్. మీట మీద వేలు సరిగ్గా ఉంది. చెంప కొయ్యకు ఆనింది.”

చౌడప్ప తాడు లాగాడు. దుప్పటి మీది పంది నడిమధ్యన చేటంత బొక్క పడింది.

పరాంకుశంగారు దగ్గరికి పోయి కొయ్యమనిషి చేయి పట్టుకుని ఊపారు. “ఇరవై రెండేళ్ల నా సర్వీసులో ఇంత క్రమశిక్షణ గల ధారకుణ్ణి చూడలేదు. కదల్లేదు. అడగని మాట అడగలేదు. తుపాకి కొయ్యాలనలేదు!”

అక్కడే లైసెన్సు మారింది. కొయ్యమనిషి ధారకుడు, చౌడప్ప సహాయకుడు. నిబంధనల కాగితం తయారవుతుండగా మౌనాచారి తలపాగా తీసి చేతుల్లో పట్టుకుని ముందుకొచ్చాడు.

“సామీ, ధారకుడు కొయ్య. వానకు ఉబ్బుతాడు, ఎండకు పగుల్తాడు. అప్పుడప్పుడూ భుజం దగ్గర సవరించాల. ప్రతిసారీ మీ దగ్గరికి రాలేం.”

“ధారకుడి సవరణకు అభ్యంతరం ఏముంది? మొదటి రోజు నుంచీ నేను చెప్పేదే అది. రాసుకో లీలావతీ: ధారకుని కొయ్యభాగములు అవసరమును బట్టి వడ్రంగి సవరించవచ్చును.”

“భుజానికి అతుక్కున్న కొయ్యంతా ధారకుడిదే కదా సామీ?”

“అతని భుజానికి అతుక్కున్నది మరెవరిదయ్యా? రాసుకో.”

“మరి తనిఖీకి వచ్చినప్పుడు తుపాకి పొడవు...”

“ధారకుని భుజంలో ఉంచే కొలవాలి. విడదీసి కొలిస్తే సమన్వయం ఎలా తెలుస్తుంది? గొట్టం కొస నుంచి ధారకుని భుజపు గుంట అడుగు దాకా నలభై ఏడు. రాసుకో!”

లీలావతి రాసుకుంది. రాస్తూ రాస్తూ ఒకసారి తలెత్తి ఆచారిని చూసింది. ఆచారి తలపాగా చుట్టుకుంటున్నాడు. పరాంకుశంగారు సంతకం పెట్టి, ముద్ర వేసి, ముద్ర సరిగా పడలేదని ఇంకోటి వేశారు.

కానీ చేనిలో కొయ్యమనిషి ఒకే వైపు చూస్తాడు. మొదటి పొద్దున పందులు ఆయన పక్కకు వచ్చి, గొట్టానికి ఎదురు పడకుండా కాసేపు మర్యాదగా నిలబడి, తర్వాత ఆయన వెనకవైపుకు పోయి తిన్నాయి. చౌడప్ప తాడు పట్టుకుని గట్టు మీద కూర్చుని చూశాడు. తిప్పి నిలబెట్టాడు. అవి చుట్టు తిరిగి మళ్లీ వెనక్కే పోయాయి.

పొద్దెక్కాక మౌనాచారి రంపం, బంకడబ్బా, చిన్న కొయ్యమేకులు నాలుగు సంచిలో వేసుకుని చేనికొచ్చాడు.

“భుజం సవరించాలంట కదా,” అన్నాడు.

తుపాకి మడమ అడుగుకు బంక పూసి, కొయ్యమనిషి భుజం గుంటలో కూర్చోబెట్టి, రెండు పక్కలా మేకులు దిగ్గొట్టాడు. ఆరేదాకా ఇద్దరూ నీడన కూర్చుని బీడీ కాల్చారు. తర్వాత ఆచారి కాగితం తీసి, “భుజానికి అతుక్కున్న కొయ్యంతా ధారకుడిది,” అని గట్టిగా చదివాడు. కొయ్యమనిషి కాదనలేదు. ఆచారి భుజం గుంట అడుగు నుంచి రెండు వేళ్లు కొలిచి, తుపాకి కొయ్య మీద గీత గీసి, రంపం ఆనించాడు. పది లాగులు, అంతే. తుపాకి చౌడప్ప చేతిలోకి వచ్చింది. రెండు వేళ్ల ముక్క తండ్రి చొక్కా కింద, భుజం గుంటలోనే ఉండిపోయింది.

ఆచారి కోసిన చోట చిత్రిక పట్టి, గుడ్డతో తుడిచాడు. చౌడప్ప మోచెయ్యి మడిచి, మడమ ఆనించి చూసుకున్నాడు. వేలు మీట మీదికి వచ్చి కూర్చుంది. ఆయన ఆ వేలిని చాలాసేపు అక్కడే ఉంచాడు.

“మీ నాయన ఏమీ అనుకోడులే,” అన్నాడు ఆచారి.

మరుసటి తెల్లవారుజామున మంచు ఇంకా విడవలేదు. పెద్దపంది గుంపు ముందర నడుస్తూ వచ్చి, కొయ్యమనిషి వెనకకు తిరిగింది. అక్కడ చౌడప్ప ఉన్నాడు. తుపాకి ఎత్తాడు. అది చంకలో తట్టుకోలేదు, చెంప మీద తన్నలేదు. ఎత్తుతానే కాల్చాడు. పెద్దపంది నాలుగడుగులు వేసి సాలులో ఒరిగింది. గుంపు కొండ దాకా ఆగకుండా పరిగెత్తింది. బయపరెడ్డి డ్రమ్ము బాగానే ఉంది.

సుంకమ్మ ఇంటి ముందర నిలబడి శబ్దం విన్నది. ఈసారి ఏమీ అడగలేదు.

*

పీకుడు అయిన నాలుగో రోజు పరాంకుశంగారు జీపులో దిగారు. ఆదర్శ ధారకుణ్ణి స్వయంగా తనిఖీ చేసి, పై అధికారులకు ఫోటో పంపాలని వచ్చారు. వెంట లీలావతి.

కొయ్యమనిషి ఇంటి పంచలో నిలబడి ఉన్నాడు. తుపాకి ఆయన భుజంలో, తన రెండు వేళ్ల ముక్కకు సరిగ్గా ఆని కూర్చుంది. పక్కన ఎకరంన్నర చెనక్కాయలు కుప్ప పోసి ఆరుతున్నాయి. పరాంకుశంగారు కుప్ప చూసి, “చూశావా? సమన్వయ ఫలితం!” అన్నారు.

లీలావతి గొట్టం కొసన టేపు పట్టి వంగింది. భుజం దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. చొక్కా అంచు కింద, కొయ్యకూ కొయ్యకూ మధ్య, వెంట్రుకంత గీత. ఆ గీతకు అటూ ఇటూ కొయ్య ఒకే రంగు, ఒకే ఈనె. ఆమె తలెత్తి చౌడప్పను చూసింది. చౌడప్ప కుప్పలోంచి ఒక కాయ తీసి చిదుముతున్నాడు. మౌనాచారి దూలాల కేసి చూస్తున్నాడు, ఆ ఇంట్లో దూలాలున్న సంగతి అప్పుడే తెలిసినట్టు.

“ఎంతమ్మా?” అన్నారు పరాంకుశంగారు.

లీలావతి చొక్కా అంచు కిందికి సర్దింది. “నలభై ఏడు సార్.”

“సరిగ్గా?”

“సరిగ్గా.”

ఫోటో తీశారు. పొద్దు నెత్తికెక్కింది. సుంకమ్మ విస్తళ్లు పరిచింది. రాగిసంగటి, పచ్చి చెనక్కాయలు రుబ్బిన ఊరుబిండి, గోంగూర పులుసు. పరాంకుశంగారు విస్తరి ముందు కూర్చోబోయి ఆగారు.

“ధారకుడికి వెయ్యకుండా సహాయకుడికి వెయ్యడం పద్ధతి కాదు.”

సుంకమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, పైవరసలో ఇంకో విస్తరి వేసి, దాని మీద అందరికన్నా పెద్ద సంగటి ముద్ద పెట్టింది. చౌడప్ప, ఆచారి కలిసి కొయ్యమనిషిని ఎత్తుకొచ్చి దాని వెనక గోడకు ఆనించారు.

తినడం మొదలుపెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే నవ్వు వస్తుందని లీలావతి తలెత్తలేదు. మాట్లాడితే మాట భుజం మీదికి పోతుందని ఆచారి ముద్ద మీద ముద్ద వేసుకున్నాడు. చౌడప్ప మామూలుగానే మాట్లాడడు. పరాంకుశంగారు ఊరుబిండి రెండోసారి, మూడోసారి, వేలు చూపించే వేయించుకున్నారు. నోరు ఖాళీ లేదు.

చౌడప్ప విస్తరి ఖాళీ అయింది. సుంకమ్మ సంగటి గిన్నె వంచి చూపించింది, అడుగు కనబడుతోంది. ఆమె ఒక్క క్షణం ఆగి, మామ ముందున్న విస్తరిని రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా మొగుడి ముందు పెట్టింది. చౌడప్ప తండ్రి ముఖం వైపు ఒకసారి చూసి, ముద్ద విరుచుకున్నాడు.